హరికేన్ మ్యాప్‌లో గీత ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండొద్దు

అట్లాంటిక్‌లో హరికేన్ల (పెద్ద తుపాన్ల) సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. ఫ్లోరిడా, లూసియానా, టెక్సస్ తీరాల్లో ఉండేవాళ్లకు ముందు రావాల్సింది అమెరికా ప్రభుత్వ తుపాను కేంద్రం, నేషనల్ హరికేన్ సెంటర్ ఇచ్చే మ్యాప్ చదవడం. అందులోని తెల్లటి కోన్ (గరాటు ఆకారం) తుపాను సైజు కాదు, దాని కేంద్రం ఎటు పోవచ్చన్న అంచనా. అదీ మూడింట రెండు వంతుల సార్లే నిజమవుతుంది. గాలీ వానా ఉప్పెనా ఆ హద్దు దాటి చాలా దూరం పోతాయి.

2022లో ఇయాన్ హరికేన్ వచ్చేటప్పుడు మొదట అందరి చూపూ ఫ్లోరిడాలోని టాంపా నగరం మీదే. అది కుడికి ఒరిగి సెప్టెంబర్ 28న టాంపాకు దక్షిణాన కాయో కోస్టా దీవి దగ్గర తీరం దాటింది. ఆ దగ్గర్లోని ఫోర్ట్ మైయర్స్ బీచ్ ఊళ్లో నేల మీద 10 నుంచి 15 అడుగుల ఎత్తున నీళ్లొచ్చాయి. అదే రోజు టాంపా బే అనే అఖాతంలో నీళ్లు వెనక్కి పోయి అడుగునున్న నేల బయటపడింది! ఉత్తరార్ధగోళంలో తుపాను గాలి అపసవ్యంగా తిరుగుతుంది. అందుకే అది కదిలే దిశకు కుడిపక్క సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది, ఎడమపక్క లోపలికి లాగుతుంది. అలా బయటపడ్డ బురదలోకి దిగి ఫొటోలు తీసుకోవద్దు, ఆ నీళ్లు మళ్లీ వస్తాయి.

మీ ఇల్లు ఏ ఎవాక్యుయేషన్ జోన్‌లో (తుపానుకు ఖాళీ చేయించే ప్రాంతంలో) ఉందో మీ కౌంటీ (జిల్లా లాంటిది) వెబ్‌సైట్‌లో ఇప్పుడే చూసుకోండి. ఇన్సూరెన్స్ వాళ్ల ఫ్లడ్ జోన్ వేరు, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. మామూలు ఇంటి పాలసీ వరద నష్టం ఇవ్వదు. ప్రభుత్వ ఫ్లడ్ పాలసీ తీసుకున్నా సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. టీవీలో తుపాను కనబడ్డాక కొంటే లాభం లేదు.

ఖాళీ చేయమన్నారంటే ఎక్కువగా నీటి భయంతోనే. వందల మైళ్లు పోనక్కర్లేదు, జోన్ దాటి గట్టి ఇల్లో షెల్టరో చేరితే చాలు. సీజనంతా కారులో సగం ట్యాంకు పెట్రోలు ఉంచండి.

కిటికీలకు టేపు అంటించడం వట్టి శ్రమ, అద్దం ఇంకా పెద్ద ముక్కలుగా పగిలి మీద పడుతుంది. షట్టర్లు లేకపోతే 5/8 అంగుళాల ప్లైవుడ్ ముందే కోయించి, ఏ ముక్క ఏ కిటికీదో రాసి పెట్టుకుని, మేకులతో కాకుండా స్క్రూలతో బిగించండి. అసలు బలహీనమైన చోటు గ్యారేజ్ తలుపు. గాలి వేగం రెట్టింపయితే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. ఆ తలుపు లోపలికి విరిగితే గాలి ఇంట్లో దూరి పైకప్పును కిందనుంచి లేపేస్తుంది. కిటికీ కాస్త తెరిచి ఉంచాలన్న సలహా కూడా అందుకే తప్పు.

మనిషికి రోజుకు ఒక గ్యాలన్ (దాదాపు 3.8 లీటర్లు) చొప్పున కనీసం మూడు రోజుల నీళ్లు దాచండి, వారానికి సరిపడా అయితే మేలు.

తుపాను పోయాక జనరేటర్‌తో జాగ్రత్త. 2020లో లారా హరికేన్ వచ్చినప్పుడు అమెరికాలో ఉప్పెన కన్నా జనరేటర్ల పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకే ఎక్కువ మంది పోయారు. తలుపు ఎత్తి ఉన్నా సరే, గ్యారేజ్‌లో పెట్టొద్దు. కిటికీలకు 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇంటికి ఎదురుగా లేకుండా ఉంచి, ఇంట్లో బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. జనరేటర్‌ను గోడ సాకెట్‌కు మాత్రం కలపకండి. కరెంటు వెనక్కి పోయి, వీధిలో లైన్ బాగుచేస్తున్నవాళ్లకు షాక్ కొడుతుంది.