ఫ్రీగా చేసి పెట్టమంటే: ఒప్పుకునే ముందు వేసుకోవాల్సిన లెక్క

డిజైను, ఫొటో, ఎడిటింగు లాంటి పనులు ఉచితంగా అడిగేవాళ్ల నోట "బడ్జెట్ లేదు కానీ మంచి పేరొస్తుంది" అన్న మాట వినగానే తలూపక్కర్లేదు, కోప్పడక్కర్లేదు. "రేపు చెప్తాను" అని, కాగితం తీసి గంటలు రాయండి.

ఒక పోస్టరే అనుకుందాం. మాట్లాడుకోవడానికి 1 గంట, నమూనాలకు 4, అసలు డిజైనుకు 5, మార్పులకు 3, ప్రింటుకీ ఫోన్‌కీ వేర్వేరు సైజుల్లో ఫైళ్లు తీసి పంపడానికి 1. మొత్తం 14 గంటలు. అడిగినవాళ్లు మాత్రం "రెండు గంటల పనే కదా" అంటారు. వాళ్లది మోసం కానక్కర్లేదు, అసలు డిజైను తప్ప మిగతా పని వాళ్లకు కనపడదు. ఈ గంటలను మీ మామూలు రేటుతో గుణిస్తే మీరు ఇస్తున్నది ఎంతో తెలుస్తుంది. ఫాంట్ లైసెన్సు, లెన్సు అద్దె, స్టూడియో, ప్రయాణం లాంటి చేతి ఖర్చులు వేరుగా రాసి, వాటిని ముందే అడగండి. శ్రమ ఉచితంగా ఇవ్వొచ్చు గానీ జేబులోంచి డబ్బు కూడా పెట్టకూడదు.

తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ పనిలో ఎవరెవరికి డబ్బు ఇస్తున్నారు? హాలుకు, ప్రింటుకు, భోజనాలకు ఇచ్చి మీకు మాత్రమే లేదంటే బడ్జెట్ ఉన్నట్టే, అందులో మీ పద్దు లేదంతే. నిర్వాహకులతో సహా ఎవరికీ పైసా లేదంటే అప్పుడు ఆలోచించొచ్చు.

ఇప్పుడు బదులుగా ఏమొస్తుందో ఒక్క వాక్యంలో, తేదీతో సహా రాయండి. "ఫలానా నెలలో నా పేరుతో అచ్చయిన పుస్తకం కవరు ఒకటి చేతికొస్తుంది, ఇంతవరకూ నా దగ్గర కవరు పని లేదు" అన్నది లెక్కలోకి వస్తుంది. "పరిచయాలు పెరుగుతాయి" అన్నది రాదు. ఎక్స్‌పోజర్ (నలుగురి కంట్లో పడటం) అంటున్నారా? ఇంతకుముందు వాళ్లకు ఇలాగే చేసిన ఇద్దరితో మాట్లాడించమనండి. ఆ పని చూసి డబ్బిచ్చే క్లయింటు వచ్చాడా, లేక మరో ఫ్రీ పనే వచ్చిందా అని వాళ్లనే అడగండి. ఎక్కువగా రెండోదే జరుగుతుంది, ఎందుకంటే మీ గురించి పక్కవాళ్లకు చెప్పేటప్పుడు మీ రేటు కూడా కలిపే చెప్తారు.

పోర్ట్‌ఫోలియో (క్లయింట్లకు చూపించే మీ పనుల కట్ట) కోసమే అయితే, అదే 14 గంటలు సొంత ప్రాజెక్టు మీద పెడితే ఏం మిగులుతుందో పోల్చి చూడండి. అక్కడ విషయం మీదే, హక్కులూ మీవే, కరెక్షన్లు చెప్పేవాళ్లు ఉండరు. ఇంట్లో కూర్చుని నేర్చుకోలేనివి కొన్ని ఉంటాయి: లైవ్ కచేరీకి సౌండ్, షూటింగు సెట్ మీద పని, వేరొకరు తీసిన గజిబిజి ఫుటేజీ ఎడిటింగు. వాటికి ఒకసారి ఉచితంగా వెళ్లడం దండగ కాదు. అదే మనిషికి రెండోసారి మాత్రం వద్దు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం హక్కుల దగ్గర జరుగుతుంది. రచనల, కళల మీద హక్కులను కాపాడటానికి దేశాలు చేసుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలు 180కి పైనే. వాటిలో కాపీరైటుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, గీసిన, రాసిన క్షణం నుంచే అది పుడుతుంది. ఉచితంగా చేసినంత మాత్రాన ఆ హక్కు అవతలివాళ్లది అయిపోదు. "సర్వహక్కులూ" అన్న కాగితం మీద సంతకం పెడితే మాత్రం పోతుంది. అందుకే ఒప్పుకునే ముందు ఇలాంటి మెసేజ్ ఒకటి పంపండి:

"ఈ డిజైను ఈ ఒక్క కార్యక్రమానికి, 1 సంవత్సరం వాడుకోవచ్చు. అమ్మకానికి, వేరే ప్రకటనలకు, కృత్రిమ మేధ శిక్షణకు వాడాలంటే విడిగా మాట్లాడుకోవాలి. ఎడిట్ చేసే ఫైళ్లు ఇవ్వను. పోస్టరు కింద నా పేరు ఇలా ఉండాలి. నా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకుంటాను. మార్పులు 2 సార్లు, అవీ ఒక్కరే చెప్పాలి. 10వ తేదీలోగా మ్యాటర్ అందకపోతే చేయలేను."

చివరి రెండు షరతులు చాదస్తంగా కనిపిస్తాయి గానీ, ఫ్రీ పనులు ఎక్కువగా చెడేది అక్కడే. డబ్బు పెట్టని పనికి అవతలివాళ్లకు తొందర ఉండదు. మ్యాటర్ ఆలస్యంగా వస్తుంది, నలుగురు నాలుగు రకాలుగా చెప్తారు, మీకు డబ్బొచ్చే పని వెనకపడుతుంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత చెప్పనే చెప్పింది.

పని పంపేటప్పుడు ఇన్వాయిస్ (బిల్లు) కూడా పంపండి: పూర్తి ధర, కింద 100% డిస్కౌంటు, చివర సున్నా. పన్ను లెక్కల్లో ఇబ్బంది అనుకుంటే అదే వివరం ఈమెయిల్లో రాయండి. అది లేకపోతే వచ్చేసారి బేరం సున్నా దగ్గర మొదలవుతుంది.

ఉద్యోగానికి ముందు "శాంపిల్" అడిగితే 2 గంటలకు మించనివ్వకండి. ఇచ్చింది వాళ్ల నిజమైన ప్రాజెక్టే అయితే అది పరీక్ష కాదు, పని. రేటు చెప్పండి. పోటీలకైతే నిబంధనల్లో ఒక్క వాక్యం వెతకండి: గెలవని ఎంట్రీల హక్కులు కూడా నిర్వాహకులవే అని ఉంటే పంపొద్దు.

నెల మొత్తానికి కూడా హద్దు ఉండాలి. పని గంటల్లో పదో వంతు దాటొద్దు, అంటే వారానికి 40 గంటలు పనిచేసేవాళ్లకు వారానికి 4. అప్పు తీరని నెలలో అదీ వద్దు.

కాదనాలనుకుంటే కారణాల చిట్టా విప్పకండి, ప్రతి కారణానికీ ఒక జవాబు వస్తుంది. "ఈ నెల ఉచిత పనులు తీసుకోవట్లేదండి. మీ దగ్గర ఎంతుందో చెబితే అందులో ఏం చేయగలనో చెప్తాను" అంటే చాలు. వాళ్లు చెప్పిన మొత్తం చిన్నదైతే రేటు తగ్గించకుండా పని తగ్గించండి: మూడు పోస్టర్ల బదులు ఒకటి.