జీడీబీ నేర్చుకుందాం, 6వ పాఠం: టీయూఐ మూశాక తెర పాడైతే

కంట్రోల్ ఎక్స్, ఆ వెంటనే ఏ నొక్కి టీయూఐ (డీబగ్గర్ జీడీబీ టెర్మినల్‌లోనే కోడు చూపించే తెర) తెరవడం పోయిన పాఠంలో చూశాం. మూయడానికీ అవే మీటలు, లేదంటే టుయ్ డిజేబుల్ అని కొట్టొచ్చు. చిక్కల్లా ఆ తర్వాతే. కొందరికి జీడీబీ నుంచి బయటికొచ్చినా కోడూ దాని చుట్టూ గీసిన గీతలూ తెర మీదే ఉండిపోతాయి, కొందరికైతే టైప్ చేసేదే కనబడదు. రెంటికీ క్లియర్ (తెర తుడిచే ఆదేశం) కొట్టేస్తుంటారు గానీ ఇవి రెండు వేర్వేరు జబ్బులు.

మొదటి దాంట్లో జీడీబీ తప్పేం లేదు. టీయూఐని గీసేది కర్సెస్ లైబ్రరీ. అది మొదలయ్యేటప్పుడు టెర్మినల్‌ని రెండో తెరకి మారమంటుంది, ముగిసేటప్పుడు పాత తెరకి తిరిగి రమ్మంటుంది. ఈ రెండో ఆదేశం పేరు ఆర్‌ఎమ్‌కప్. లైనక్స్ కన్సోల్‌కి టెర్మ్‌ఇన్ఫోలో (ఏ టెర్మినల్‌కి ఏ ఆదేశాలున్నాయో రాసి ఉండే జాబితా) అసలిది లేదు, అందుకే అక్కడ గీసింది గీసినట్టే మిగులుతుంది. ఆ జాబితా చూపించే ఇన్ఫోకాంప్ కొట్టి మీ టెర్మినల్‌కి ఉందో లేదో చూసుకోండి. గ్నూ స్క్రీన్ (ఒకే టెర్మినల్‌లో చాలా విండోలు నడిపే ప్రోగ్రాం) వాడేవాళ్లకి మాత్రం జాబితాలో కనబడినా పనిచేయదు, ఎందుకంటే అందులో ఆల్ట్‌స్క్రీన్ (రెండో తెర వాడనిచ్చే సెట్టింగు) మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. స్క్రీన్‌ఆర్‌సీ ఫైల్లో ఆల్ట్‌స్క్రీన్ ఆన్ అని ఒక్క లైను రాస్తే సరి. ఇవేవీ కుదరని చోట క్లియర్ చాలు.

రెండోదే అసలు తలనొప్పి. జీడీబీ మధ్యలో చచ్చిపోతే, కర్సెస్‌లో ముగింపు పని చేసే ఎండ్‌విన్‌కి పిలుపే అందదు. టెర్మినల్ ఆ రెండో తెర మీదే ఉండిపోవచ్చు, ఎకో (టైప్ చేసింది తెర మీద కనబడటం) ఆగిపోవచ్చు, లైన్లు మెట్లు మెట్లుగా పక్కకి జరగొచ్చు (బాష్ షెల్ కొంతవరకు తనే సర్దుకుంటుంది, అన్ని షెల్‌లూ అంత మంచివి కావు). క్లియర్ ఇక్కడ అక్షరాలు తుడుస్తుందే తప్ప సెట్టింగులు ముట్టుకోదు. ఎస్‌టీటీవై సేన్ కొడితే ఎకో వస్తుంది, తెర మారదు. దానికి టీపుట్ ఆర్‌ఎమ్‌కప్ కొట్టాలి. ఓపిక లేకపోతే నేరుగా రీసెట్. ఎంటర్ కూడా పనిచేయకపోతే కంట్రోల్ జే నొక్కి, కనబడకపోయినా రీసెట్ అని టైప్ చేసి, మళ్లీ కంట్రోల్ జే నొక్కండి.

అభ్యాసం: ఒక విండోలో టీయూఐ తెరవండి, ఇంకో విండో నుంచి ఆ జీడీబీకి కిల్ -9 (బలవంతంగా చంపే ఆదేశం) పంపండి. ముందు క్లియర్, తర్వాత టీపుట్, చివర్న రీసెట్ ప్రయత్నించి దేంతో ఏం మారిందో రాసి పెట్టుకోండి.

టీయూఐ తెరిచి ఉండగానే మీ ప్రోగ్రాం ప్రింట్ చేసే లైన్లు తెరని చెరిపేస్తుంటే అది మూడో గొడవ. అప్పటిదాకా కంట్రోల్ ఎల్‌తో నెట్టుకురండి, ఆ అవుట్‌పుట్‌ని వేరే టెర్మినల్‌కి మళ్లించడం 7వ పాఠంలో.