హోమ్ థియేటర్ పాఠాలు – 4: ముందు సిగ్నల్ చూడండి, తర్వాత మోడ్ నొక్కండి

పోయిన పాఠంలో టేపు పట్టుకుని ఒక్కో స్పీకరు మన కుర్చీకి ఎంత దూరంలో ఉందో కొలిచి, ఆ అంకెలు రిసీవర్‌లో (స్పీకర్లన్నిటికీ ధ్వనిని పంచే పెట్టెలో) నమోదు చేశాం. ఆ పని ఇంకా చేయనివారు దయచేసి ముందు అది పూర్తి చేయండి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. వెనక స్పీకరు ముందు స్పీకరు కంటే ఒక మీటరు దగ్గరగా ఉంటే దాని శబ్దం దాదాపు 3 మిల్లీసెకన్లు ముందే చెవిని చేరుతుంది. ఆ తేడాను సరిచేయకపోతే ఇవాళ నేర్చుకునే సరౌండ్ మోడ్‌లలో (ధ్వనిని స్పీకర్లకు పంచే పద్ధతుల్లో) ఏది పెట్టినా ఫలితం తేలదు.

రిమోట్ ముట్టుకునే ముందు ఒక సాధన. సాయంత్రం మన విశాఖ ఆర్కే బీచ్‌కు వెళ్లి, కురుసుర జలాంతర్గామి దగ్గర సముద్రం వైపు తిరిగి నిలబడి కళ్లు మూసుకోండి. అల ఎడమ నుంచి విరుచుకుంటూ కుడికి వెళ్తుంది. బీచ్ రోడ్డు మీది ఆటోలు, మోటారు సైకిళ్లు వెనక ఉంటాయి. ముంత మసాలా కలిపే గరిటె చప్పుడు ఎడమ భుజానికి దగ్గరగా, పొడిగా వినిపిస్తుంది. అదృష్టం ఉంటే నౌకాదళం హెలికాప్టర్ ఒకటి నడినెత్తిన వెళ్తుంది. గమనించండి: అలల చప్పుడు వెనక నుంచి రాదు, ఆటో ముందు నుంచి రాదు. దేని చోటు దానిదే. మంచి సరౌండ్ అంటే ఇంతే. అన్ని స్పీకర్లూ ఒకేసారి మోగుతుంటే అది సరౌండ్ అనుకోవడం చాలా ఇళ్లలో నేను చూసిన పొరపాటు.

ఇక రిమోట్. దాని మీద మోడ్‌లకు కంపెనీని బట్టి ఇరవై పేర్లు కనిపించవచ్చు. పేర్లను చూసి బెదరకండి, అవి చేసే పనులు మూడే. మొదటిది, వచ్చిన ఛానళ్లను (అంటే ఒక్కో స్పీకరు కోసం విడిగా వచ్చే ధ్వనులను) వచ్చినట్టే వినిపించడం. డెనాన్‌లో డైరెక్ట్, యమహాలో స్ట్రెయిట్, సోనీలో ఏఎఫ్‌డీ ఈ జాతివి. రెండోది, తక్కువ ఛానళ్లలో వచ్చిన దాన్ని విశ్లేషించి ఎక్కువ స్పీకర్లకు పంచడం. డాల్బీ సరౌండ్, డీటీఎస్ న్యూరల్ ఎక్స్ ఈ పని చేస్తాయి. వీటిని అప్‌మిక్సర్లు అంటారు. మూడోది, లేని గదిని కల్పించడం. హాలు, స్టేడియం, క్లబ్బు, ఆర్కెస్ట్రా వంటి పేర్లు ఉన్నవన్నీ అసలు ధ్వనికి ప్రతిధ్వనులు కలుపుతాయి.

మూడింటిలో ఏది కావాలో తేల్చేది మన మూడ్ కాదు, లోపలికి వస్తున్న సిగ్నల్. ఈ పాఠం మొత్తంలో నేను పట్టుబట్టి చెప్పేది ఈ ఒక్క మాటే.

సీతమ్మధారలో మా మామయ్య కొత్త రిసీవర్ కొన్న నెలకు ఫోను చేశారు. ‘‘వాన వెనక నుంచి రావాలి కదరా? ఊరికే ఘోష తప్ప వాన రావడం లేదు’’ అన్నారు.

‘‘రిమోట్‌లో ఇన్ఫో నొక్కండి మామయ్యా. ఇన్‌పుట్ అన్న చోట ఏముంది?’’

‘‘పీసీఎం, 2.0.’’

జబ్బు అక్కడే ఉంది. 2.0 అంటే ఎడమ, కుడి రెండే ఛానళ్లు. సినిమా 5.1లోనే, అంటే అయిదు ఛానళ్లు, సబ్‌వూఫర్‌కు (బాస్ స్పీకరుకు) ఇంకొకటి కలిపి ఆరింటిలో వస్తోంది. కానీ టీవీలోని ఆడియో అవుట్‌పుట్ పీసీఎం (టీవీ తానే విప్పి పంపే ధ్వని) మీద ఉండటంతో, టీవీ ఆరు ఛానళ్లనూ రెండుగా కుదించి రిసీవర్‌కు పంపుతోంది. రిసీవర్ ఆ రెండింటినీ మళ్లీ అయిదు స్పీకర్లకు పరుస్తోంది. వెనక స్పీకర్లు కూడా మోగుతూనే ఉన్నాయి కాబట్టి లోపం ఉందన్న అనుమానం ఎవరికీ రాదు. ఆయన చేత టీవీ సెట్టింగులు తెరిపించి, పీసీఎం తీసేసి పాస్‌త్రూ, అంటే వచ్చింది వచ్చినట్టే పంపే పద్ధతి, పెట్టించాను. కొన్ని టీవీల్లో దాని పేరు బిట్‌స్ట్రీమ్. రిసీవర్ తెర మీద డాల్బీ డిజిటల్ ప్లస్ అని పడింది. అదే దృశ్యం మళ్లీ వేశారు. వాన ముందు పెంకుల మీద పడి, తర్వాత కుడి భుజం వెనక చూరు నుంచి కారడం మొదలుపెట్టింది. మోడ్ మీటను మేం ముట్టుకోనే లేదు.

కేబుల్ గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. టీవీ నుంచి రిసీవర్‌కు ధ్వని వెనక్కి వచ్చేది హెచ్‌డీఎంఐలోని ఆర్క్ ద్వారా. నెట్ ద్వారా వచ్చే సినిమాలకు, వాటిలోని అట్మాస్‌కు (తల పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ పద్ధతికి) కూడా, మామూలు ఆర్క్ సరిపోతుంది. ఎందుకంటే అక్కడ అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్‌లో ఇమిడి వస్తుంది. బ్లూరే డిస్కుల్లోని డాల్బీ ట్రూ హెచ్‌డీ టీవీ మీదుగా రావాలంటే మాత్రం ఆర్క్‌కు మెరుగైన రూపమైన ఈఆర్క్ ఉండాలి, లేదా ప్లేయర్‌ను నేరుగా రిసీవర్‌కే కలపాలి.

సిగ్నల్ 5.1 అని గానీ, అట్మాస్ అని గానీ వస్తే మీరు చేయవలసింది దాదాపు ఏమీ లేదు. మొదటి జాతి మోడ్ పెట్టి వదిలేయండి. ఆ శబ్దాన్ని ఎక్కడ ఉంచాలో మిక్సింగ్ గదిలో ఒకరు రోజుల తరబడి కూర్చుని నిర్ణయించారు. దాని మీద మనం మళ్లీ హాలు, స్టేడియం పులమడం ఆ శ్రమను చెరపడమే.

అసలు తెలివి అవసరమయ్యేది 2.0 సిగ్నల్ దగ్గర. రాత్రి వార్తలు పెట్టి ఈ ప్రయోగం చేయండి. మోడ్‌ను స్టీరియోలో ఉంచి సోఫా మధ్యలో కూర్చోండి. చదివే మనిషి గొంతు సరిగ్గా తెర మధ్య నుంచి వస్తున్నట్టు ఉంటుంది. నిజానికి అక్కడి స్పీకరు మోగడం లేదు. ఎడమ, కుడి స్పీకర్లు ఒకే గొంతును సమానంగా పలుకుతుంటే మెదడు దాన్ని మధ్యలో నిలబెడుతోంది. ఇప్పుడు సోఫా ఎడమ కొసకు జరగండి. మనిషి తెర మీదే ఉన్నా గొంతు ఎడమ స్పీకరులోకి దూరిపోతుంది. అక్కడే కూర్చుని డాల్బీ సరౌండ్ నొక్కండి. గొంతు మళ్లీ తెర దగ్గరికి వచ్చి నిలబడుతుంది. రెండు ఛానళ్లలో ఒకేలా ఉన్న ధ్వనిని ఆ మోడ్ గుర్తుపట్టి సెంటర్ స్పీకరుకు పంపింది. రెండింటిలో వేర్వేరుగా ఉన్న గాలి, జనం సందడి వంటివి పక్కలకు, వెనక్కి వెళ్తాయి. ఇంట్లో నలుగురు కూర్చుని చూసే వార్తలకు, సీరియళ్లకు, క్రికెట్‌కు అప్‌మిక్సర్ మేలన్నది ఇందుకే.

ఇదే గుణం పాత పాటల దగ్గర ఎదురు తిరుగుతుంది. ఘంటసాల కాలం నాటి పాటలు ఎక్కువగా మోనో. అంటే ఎడమ, కుడి రెండూ ఒకటే. డాల్బీ సరౌండ్ పెట్టారంటే పాట దాదాపు మొత్తం సెంటర్ స్పీకరులోకి కుంచించుకుపోతుంది. ముందున్న పెద్ద స్పీకర్లు రెండూ ఊరుకుంటాయి. ఆ గొంతులోని నిండుతనాన్ని అంత చిన్న పెట్టెలో బంధించకండి. స్టీరియోలో వినండి. వీణ, వయొలిన్ కచేరీలకు కూడా నా ఓటు స్టీరియోకే. ప్యూర్ డైరెక్ట్ ప్రయత్నించవచ్చు గానీ, అందులో గది సవరణ, టోన్ సవరణ పక్కకు తప్పుకుంటాయి, కొన్ని మోడళ్లలో సబ్‌వూఫర్ కూడా ఆగిపోతుంది. ముందు స్పీకర్లు చిన్నవైతే మృదంగం తొప్పి పలచబడుతుంది.

ఆల్ ఛానల్ స్టీరియో సంగతి. అది స్టీరియోనే విశ్లేషించకుండా అన్ని స్పీకర్లలోనూ మోగిస్తుంది. దాన్ని సినిమాకు వాడవద్దు. సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు ఉండి, ఎవరూ ఒకచోట కూర్చోని రోజున పాటలకు వాడండి. అది పుట్టిందే అందుకు.

ఇక హాలు మోడ్‌లు. గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ‘టప్’మని ఆగిపోకుండా లోహపు తోక ఒకటి మిగిలితే మీ గదికి ప్రతిధ్వని ఇప్పటికే ఎక్కువ. మన ఊరి అపార్ట్‌మెంట్లలో నేల మీద నున్నటి టైల్స్, సముద్రం వైపు పెద్ద అద్దం కిటికీ, ఖాళీ గోడలు. చాలా గదులు ఇలాగే మోగుతాయి. అక్కడ ఇంకో హాలు కలిపితే మాటలు బురదలో పడతాయి. ఆ మీటలు నొక్కడం కంటే మందపాటి కర్టెన్, సోఫా ముందు ఒక జంపఖానా వేయండి.

మాటలు వినపడటం లేదని మోడ్ మార్చేవారు చాలామంది. అది మోడ్ పని కాదు. స్పీకర్ లెవెల్స్‌లో సెంటర్‌ను 2 లేదా 3 డెసిబెల్స్ పెంచండి. రాత్రి పదకొండుకు పక్క ఫ్లాట్‌వాళ్లు నిద్రపోతుంటే నైట్ మోడ్ లేదా డైనమిక్ రేంజ్ అన్నది వెతికి పెట్టండి. అది పేలుళ్లను తగ్గించి గుసగుసలను పైకి తెస్తుంది. పొద్దున మరిచిపోకుండా తీసేయండి, లేకపోతే మరుసటి రోజు ఉరుము కూడా గుసగుసలాగే ఉంటుంది.

ఈ వారం ఇంటిపని: టీవీ, సెట్‌టాప్ బాక్సు, ప్లేయర్, ఫోను, ఒక్కోదాన్ని పెట్టి ఇన్ఫో నొక్కి, ఇన్‌పుట్ దగ్గర పడ్డ అక్షరాలను కాగితం మీద రాయండి. పక్కనే మీరు ఎంచుకున్న మోడ్ రాయండి. సినిమా పెట్టినా 2.0 అనే వస్తుంటే మోడ్ గడి ఖాళీగా వదిలి, ముందు టీవీ సెట్టింగు సరిచేయండి. వచ్చే పాఠంలో సబ్‌వూఫర్, 80 హెర్ట్జ్ దగ్గర గీసే గీత. ఆ కాగితం అప్పుడు కూడా కావాలి, రిసీవర్ పక్కనే ఉంచండి.