నాజిల్ ‘టక్’మన్నాక ఇంకో చుక్క కూడా పోయించకండి

మే నెలలో విజయనగరం కోట దగ్గర బండి ఎండలో పెట్టి గంట తర్వాత వచ్చి చూస్తే పెట్రోలు వాసన గుప్పుమంది, ట్యాంకు మూత చుట్టూ తడి. పొద్దున బంకులో పైపు చివరి నాజిల్ ‘టక్’మని తనంతట తాను ఆగాక కూడా అంచుదాకా పోయించుకున్నాను మరి. పెట్రోలు వేడికి పెరుగుతుంది. పది లీటర్లు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 200 మిల్లీలీటర్లు ఎక్కువవుతుంది, పైన ఖాళీ లేకపోతే అది ఎటు పోతుంది చెప్పండి?

అసలు ట్యాంకు ఊపిరి తీసుకోవాలి. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ లోపలికి గాలి రావాలి, వేడెక్కితే ఆవిరికి దారి ఉండాలి. పాత బళ్ళలో ఆ ఆవిరి మూతలోని సన్నటి రంధ్రం నుంచి నేరుగా గాల్లో కలిసేది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 (పొగ, కాలుష్యం తగ్గించే ప్రమాణం) బళ్ళలో మాత్రం అది రబ్బరు పైపు గుండా క్యానిస్టర్ అనే డబ్బాలోకి వెళ్తుంది, అందులోని బొగ్గు ఆవిరిని పట్టి ఉంచుతుంది, ఇంజను నడిచేటప్పుడు డబ్బాకీ ఇంజనుకీ మధ్య ఉన్న పర్జ్ వాల్వ్ అనే చిన్న కవాటం తెరుచుకుంటే ఇంజనే దాన్ని పీల్చి కాల్చేస్తుంది. ఆ బొగ్గు ఉన్నది ఆవిరి కోసమే. అంచుదాకా పోయిస్తే పెట్రోలే అందులోకి దిగి దాన్ని పాడుచేస్తుంది.

మూత తీసి కింద రబ్బరు వాషరు గోటితో నొక్కి చూడండి. మెత్తగా లోపలికి వెళ్ళి మళ్ళీ పైకి రావాలి. గట్టిగా ఉన్నా, సన్నటి పగుళ్ళు కనిపించినా మార్చేయండి. బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, మూత తెరిచి మూశాక మళ్ళీ స్టార్ట్ అయితే గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోయిందేమో చూపించండి.

లీకు అనుమానముంటే ఇంజను చల్లారాక బయట వెలుతురులో పైపులు, క్లిప్పుల చుట్టూ పొడి కాగితం అద్ది చూడండి. అగ్గిపుల్ల, లైటరు వద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలమీద పాకుతుంది, అందుకే వాసన వస్తున్న బండిని రాత్రి దేవుడి దీపమో గ్యాస్ పొయ్యో ఉన్న ఇంట్లోకి ఎక్కించకండి. పగిలిన పైపు స్థానంలో నీళ్ళ పైపు ముక్క తొడగనివ్వకండి, పెట్రోలు పైపే అడగండి.

ట్యాంకుకే చిల్లు పడితే ఖాళీ చేశాం కదా అని వెల్డింగ్‌కి ఇవ్వకండి. పెట్రోలు లేకపోయినా లోపల ఆవిరి మిగిలే ఉంటుంది, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. కొత్త ట్యాంకు వేయించండి.