బసూన్ నేర్చుకుందాం – 6వ పాఠం: ఊపిరి తెగకుండా ఊదడం

ఇటలీ స్వరకర్త లూచానో బెరియో 1995లో ఒక్క బసూన్ (గాలితో ఊదే పొడవాటి చెక్క వాద్యం) కోసమే 'సీక్వెంజా 12' రాశారు. పియానో తోడు లేదు, ఆర్కెస్ట్రా లేదు. ఫ్రెంచి వాద్యకారుడు పాస్కల్ గాల్వా కోసం రాసిన ఈ రచన సుమారు 18 నిమిషాలు సాగుతుంది. నాదం తెగకూడదు కాబట్టి ఊదుతూనే ముక్కుతో గాలి పీల్చుకోవాలి. నాదస్వరానికి శ్రుతి పట్టే ఒత్తు వాద్యకారులు చేసేదీ ఇదే.

పోయిన పాఠంలో గ్లాసు నీళ్లలో స్ట్రాతో బుడగలు ఆగకుండా ఊదాం కదా. ఇప్పుడు రీడ్‌ను (నోట్లో పెట్టుకుని ఊదే రెల్లు పీకను) బోకల్‌కి (వాద్యానికి బిగించే సన్నని వంపు లోహపు గొట్టానికి) తగిలించి అదే పని చేద్దాం.

ధ్వని నిలకడగా వచ్చాక బుగ్గలు కొద్దిగా నింపండి. పెదవుల మూలలు మాత్రం వదలకండి, అవి వదులైతే రీడ్ మీద పట్టు పోతుంది. 'క్' అనబోయి ఆగితే నాలుక వెనుక భాగం ఎక్కడ అంటుకుంటుందో అక్కడే ఉంచండి. గొంతు దారి మూసుకుంటుంది. బుగ్గల్లో గాలిని రీడ్‌లోకి నొక్కుతూ, అదే క్షణంలో ముక్కుతో చురుగ్గా పీల్చి, వెంటనే నాలుక దించేయండి. ఊపిరి అడుగంటే దాకా ఆగితే కంగారులో ఈ మార్పు (ఊపిరి గాలి నుంచి బుగ్గల గాలికి, మళ్లీ వెనక్కి) చెడుతుంది. సగం ఉండగానే మొదలుపెట్టండి.

ఇది కుదిరాక వాద్యం బిగించి, మధ్య స్థాయిలో ఒక స్వరం పట్టండి. మంద్ర స్వరాలకు గాలి ఎక్కువ ఖర్చవుతుంది, వాటిని తర్వాత చూద్దాం. ట్యూనర్ ఎదురుగా పెట్టుకుంటే మార్పు దగ్గర శ్రుతి కిందికి జారడం కనిపిస్తుంది. అప్పుడు రీడ్‌ను కొరకడం కాదు, బుగ్గల ఒత్తిడి పెంచాలి.

చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. రీడ్ సందు సన్నం కాబట్టి గాలి కొద్దికొద్దిగానే బయటికి పోతుంది. మీరేమో ప్రతిసారీ పీలుస్తూనే ఉంటారు. కాసేపటికి ఛాతీ నిండా గాలే, అయినా ఊపిరాడదు, ఎందుకంటే అది వాడేసిన గాలి. అందుకే ఒక మార్పులో ముక్కుతో గాలి బయటికి వదలండి, తర్వాతి మార్పులో పీల్చండి. నా దృష్టిలో ఈ 18 నిమిషాలకు ఆధారం ఈ వదలడమే. తల తిరిగితే మాత్రం వెంటనే ఆపేసి కూర్చోండి.

ట్యూనర్ ముల్లు పెద్దగా కదలకుండా ఒకే స్వరాన్ని ఒక నిమిషం పట్టగలిగాక వచ్చే పాఠానికి రండి. బెరియో అడిగే నెమ్మదైన గ్లిస్సాండోలు (ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడాలు) అందులో మొదలుపెడదాం.