ఇంట్లో ఇన్సులిన్ – 5వ పాఠం: రెండు మూతల తగాదా

ఈ వారం ఎండాకాలంలో ఇన్సులిన్ నిల్వ గురించి చెప్పాలి. కానీ పోయిన పాఠంలో నేను రాసిన "వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకండి" అన్న ఒక్క మాట చాలా ఇళ్ళలో గందరగోళం తెచ్చింది. సిరంజి వాడేవాళ్ళకు ఆ మాట సరిపోయింది. ఇన్సులిన్ పెన్ను (మందు గొట్టం లోపలే ఉండి, కొనకు సూది తిప్పి బిగించుకునేది) వాడేవాళ్ళు అక్షరాలా పాటించి ఇరుక్కుపోయారు. మలక్‌పేటలో ఒకావిడ సూదిని ఒట్టి వేళ్ళతో తిప్పి ఊడదీయబోయి పొడుచుకున్నారు. కూకట్‌పల్లిలో ఒక పెద్దాయన ఎలా ఊడదీయాలో తోచక సూదిని పెన్నుకే వదిలేసి వారం రోజులు దానితోనే నెట్టుకొచ్చారు. తప్పు నాది. ముప్ఫై ఏళ్ళు వార్డులో సిరంజిలతో గడిపినదాన్ని, రాసేటప్పుడు కూడా నా కళ్ళముందు సిరంజే ఉంది.

పెన్ను సూదికి రెండు మూతలుంటాయి. పైన వెడల్పాటి పెద్ద మూత, అది తీస్తే సూదిని కప్పుకొని సన్నటి చిన్న మూత. ఆ చిన్న మూత తీయగానే దాని పని అయిపోయింది, చెత్తబుట్టలో వేసేయండి. బల్ల మీద ఉంచుకుంటే చేయి మళ్ళీ దాని మీదికే పోతుంది. నేను వద్దన్నది దీన్ని. పెద్ద మూతను మాత్రం ఉంచుకోవాలి, సూదిని ఊడదీయడానికి మీకున్న పట్టుకారు అదే.

ఇంజెక్షన్ తరువాత పది లెక్కపెట్టడం వగైరా పాత పాఠాల్లో ఉంది, మళ్ళీ చెప్పను. పెద్ద మూతను బల్ల మీద పడుకోబెట్టండి, నోరు మీవైపు ఉండాలి. దొర్లిపోతుంటే వెనక ఉప్పు డబ్బా అడ్డం పెట్టండి. నేనైతే అగ్గిపెట్టె పెడతాను. ఎడమ చేయి వీపు వెనక్కి. కుడిచేత్తో పెన్ను పట్టుకొని, సూది మొనను మూత నోట్లోకి పోనిచ్చి, పెన్నును మెల్లగా పైకి లేపితే మూత సూది మీదికి వచ్చి కూర్చుంటుంది. మూత కొనను బల్లకు ఆనించి నొక్కితే బిగుస్తుంది. ఎడమ చేతికి పని ఇప్పుడే. మూతను పట్టుకొని ఎడమవైపు తిప్పితే సూది దానితోపాటే ఊడి వస్తుంది. అలాగే సూదుల డబ్బాలో వేసేయండి, ఆ డబ్బా ఎలాంటిదో కింద చెప్తాను.

ఒక చేత్తోనే ఎందుకని అడిగినవాళ్ళు చాలామంది. పొద్దున్నే, కాఫీకి ముందు, కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయి, ఎడమచేతి వేళ్ళ మధ్య మూత పట్టుకొని దానిలోకి సూది గుచ్చాలంటే గురి ఎంత తప్పుతుందో మీరే చెప్పండి. పైగా షుగరు ఉన్నవాళ్ళలో కొందరికి వేళ్ళ కొసలు మొద్దుబారి ఉంటాయి. మీ సూది మీకే గుచ్చుకుంటే నొప్పితో పోతుంది. అమ్మకు కూతురు ఇన్సులిన్ వేసే ఇంట్లో కూతురికి గుచ్చుకుంటే అది వేరే సంగతి. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ రక్తం ద్వారా సోకుతాయి. గుచ్చుకున్న చోటును పారే నీళ్ళ కింద సబ్బుతో కడగండి. పిండకండి, చప్పరించకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. గాంధీ, ఉస్మానియా వంటి పెద్దాసుపత్రుల అత్యవసర విభాగమైనా సరే. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు అవసరమైతే 72 గంటలలోపే మొదలుపెట్టాలి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది.

ఇక సూదిని పెన్నుకే వదిలేసిన కూకట్‌పల్లి పెద్దాయనకు. పెన్ను సూదికి రెండు కొనలు. వెనక కొన మందు గొట్టం రబ్బరులోకి దిగి ఉంటుంది, అంటే సూది వదిలేసినంతసేపూ తలుపు తీసి ఉన్నట్టే. ఎండకు మందు బొట్లుగా కారుతుంది, చల్లబడితే గాలి లోపలికి పోతుంది. పాలలా ఉండే మిశ్రమ ఇన్సులిన్ అయితే కారినకొద్దీ పాళ్ళు మారతాయి. స్పిరిట్‌తో తుడుస్తున్నానని రాశారు. సూది నొప్పి లేకుండా దిగేది దాని మీది సిలికాన్ పూత వల్ల. తుడిస్తే అదే పోతుంది.

డబ్బాగా బట్టలుతికే ద్రవం వచ్చే మందపాటి సీసా చాలు. మంచినీళ్ళ సీసా వద్దు, గాజుది అసలే వద్దు. ముప్పావు నిండగానే మూతకు టేపు చుట్టి, "సూదులు" అని పెద్ద అక్షరాలతో రాయండి. వాడిన సూదులు ఇంటి ప్రమాదకర వ్యర్థాలు. అందుకని ఆకుపచ్చ బుట్ట, నీలం బుట్ట రెండూ వాటికి కావు. మీ క్లినిక్ తీసుకుంటుందేమో ముందు అడగండి, లేదంటే చెత్త తీసుకెళ్ళే స్వచ్ఛ ఆటో వచ్చినప్పుడు విడిగా, నోటితో చెప్పి ఇవ్వండి. ఆ ఆటో కుర్రాడు చెత్తను ఒట్టి చేతులతోనే వేరు చేస్తాడు.

అభ్యాసం: మామూలు రాతపెన్ను, దాని మూత తీసుకోండి. ఎడమ చేతిని కొంగులోనో జేబులోనో పెట్టి, మూతను ఒంటిచేత్తో ఎక్కించండి. వరుసగా 25 సార్లు. ఎడమ చేయి బయటికి వస్తే మళ్ళీ ఒకటి నుంచి లెక్క. ఇన్సులిన్ వేసేది మీరు కాకపోతే, వేసేవాళ్ళతోనే చేయించండి. నిల్వ సంగతి వచ్చే వారం. అంతవరకు ఇన్సులిన్‌ను గడ్డకట్టే అరలో మాత్రం పెట్టకండి.