సీరియల్ రాస్తుంటే వివరాలు తప్పిపోకుండా చూసుకోవడం ఎలా

సీరియల్ మొదలుపెట్టినప్పుడు అంతా బుర్రలోనే ఉంటుంది. ఇరవయ్యో భాగానికి వచ్చేసరికి హీరోయిన్ మేనమామ పేరు మారిపోతుంది, వాకిట్లో వేపచెట్టు కాస్తా మామిడిచెట్టయి కూర్చుంటుంది, పాఠకులు ఠక్కున పట్టేస్తారు. వాళ్లు చదివింది ఒక్క కథే మరి. మనం అదే సీను నాలుగు రకాలుగా రాసి, మూడు కొట్టేసి, ఆ కొట్టేసినవి కూడా జరిగినట్టే గుర్తుపెట్టుకుంటాం.

కాబట్టి రాయబోయేది కాదు, అచ్చయిపోయింది రాసిపెట్టుకోండి. పాత్రకి ఇష్టమైన రంగేంటి, రాశేంటి అంటూ ముందే పేజీలు నింపమని చాలామంది చెబుతారు, నాకైతే అది కథ రాయకుండా తప్పించుకునే పనిలా అనిపిస్తుంది. ఒక భాగం బయటికి పంపాక పది నిమిషాలు కూర్చుని ఇలా రాసుకుంటే చాలు:

"12వ భాగం. గురువారం సాయంత్రం, ఏలూరు బస్టాండ్. శ్రావణి ఎడమ చేతికి కట్టు. డబ్బు బ్యాంకులో వేశానని రాఘవ అబద్ధం. నిజం తెలిసినవాళ్లు: రాఘవ, పిన్ని."

ఆ చివరి ముక్క అన్నిటికన్నా ముఖ్యం. చెట్టు మారితే పాఠకుడు నవ్వి వదిలేస్తాడు గానీ, డబ్బు సంగతి తెలియని శ్రావణి 15లో తెలిసినట్టు మాట్లాడితే అప్పటిదాకా కట్టుకొచ్చిన సస్పెన్స్ మొత్తం పోతుంది. ప్రతి రహస్యానికీ ఒక పేజీ పెట్టి, ఎవరికి, ఏ భాగంలో, ఎవరి ద్వారా తెలిసిందో రాయండి. సగమే తెలిస్తే సగమే అని, అనుమానం మాత్రమే ఉంటే అనుమానం అని కూడా రాయాలి.

తర్వాత చుట్టరికాలు. మన కథల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే. శ్రావణి రాఘవని మొదట్నుంచీ "బావా" అని పిలుస్తూ, పెళ్లి మాటలు నడుస్తున్న టైంలో వాళ్లమ్మని "పిన్నీ" అందనుకోండి, ఇంకేముంది, పిన్ని కొడుకు అన్నో తమ్ముడో అవుతాడు, పెళ్లి సంగతి దేవుడెరుగు. వంశవృక్షం గీసుకుని, ఇద్దరి మధ్య గీత మీద ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో రెండు వైపులా రాయండి. నువ్వు, మీరు కూడా అక్కడే. పెళ్లాం మొగుణ్ణి "మీరు" నుంచి "నువ్వు" అనడం ఏ భాగంలో మొదలైందో గుర్తుండకపోతే, రెండు వారాల తర్వాత మళ్లీ "మీరు" అంటుంది, చదివేవాళ్లు అలిగిందేమో అనుకుంటారు.

కాలం దగ్గర వయసు రాయొద్దు, పుట్టిన సంవత్సరం రాయండి, మిగతా లెక్క అదే తేలుతుంది. పండగ పెడితే క్యాలెండర్ చూడండి. దీపావళి అమావాస్య, ఆ రాత్రి డాబా మీద వెన్నెల్లో ప్రేమ కబుర్లు కుదరవు. వెన్నెలే కావాలంటే పదిహేను రోజులు ఆగి కార్తీక పౌర్ణమికి పెట్టుకోండి. దీపావళి తేదీ కూడా ఏటా ఒకటే కాదు, 2023లో నవంబర్ 12న వస్తే 2024లో అక్టోబర్ 31న వచ్చింది. ఈ మధ్య కాలం కథలకి ఇంకో చిక్కుంది. తెలంగాణలో కొత్త జిల్లాలు 2016 అక్టోబర్‌లో వచ్చాయి, ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4 నుంచి 26 అయ్యాయి. 2015లో నడిచే సీనులో ఎవరైనా "మాది సిద్దిపేట జిల్లా" అంటే తప్పే. తెలంగాణలో కొత్త బండ్ల నంబరు ప్లేటు మీద టీఎస్ పోయి టీజీ వచ్చింది 2024లో.

యాస గురించి పెద్ద పరిశోధన అక్కర్లేదు, ఒక్కో పాత్ర తప్పకుండా వాడే నాలుగైదు మాటలు రాసుకుంటే సరిపోతుంది.

నోట్‌బుక్కా, గూగుల్ షీటా అన్నది మీ ఇష్టం. నాకు షీటే నయం, వెతుక్కోవచ్చు. కాకపోతే తెలుగులో వెతకడం ఒక తలనొప్పి. "చెయ్యి" అని కొడితే "చేతికి కట్టు" దొరకదు, "ఇల్లు" అని కొడితే "ఇంట్లో" రాదు. "చేతి", "చేతు", "ఇంటి", "ఇంట్లో" అంటూ విడివిడిగా వెతకాలి. మావయ్య, మామయ్యల్లో ఏదో ఒకటి ఖాయం చేసుకుని చివరిదాకా అదే రాయండి.

ఇంత చేసినా ఒకటీ అరా దొర్లుతాయి. ఆన్‌లైన్లో ఉంటే పాత భాగంలోకి వెళ్లి చడీచప్పుడు లేకుండా సరిచేయొచ్చు. పత్రికలో అచ్చయిపోతే, చిన్నదైతే వదిలేయండి, దాన్ని సమర్థించడానికి కొత్త సీను కల్పిస్తే చూడనివాళ్లకి కూడా కనబడుతుంది. పెద్దదైతే మాత్రం ఎవరో ఒక పాత్ర చేత "అప్పుడు నీతో అబద్ధం చెప్పాను" అనిపించొచ్చు, అనిపించగానే ఆ అబద్ధం ఎవరెవరికి తెలుసో రహస్యాల పేజీలో ఎక్కించండి.